లోడ్ టెస్ట్ ఫలితాల్లో మన సొంత కాలమ్: జేమీటర్ వాడేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

లోడ్ టెస్ట్ (ఒకేసారి చాలామంది వాడినట్టు వెబ్‌సైట్‌కు రిక్వెస్టులు పంపి చూసే పరీక్ష) ముగిశాక చేతికొచ్చే ఫైల్లో సమయాలు ఉంటాయి, స్థితి కోడ్‌లు ఉంటాయి. "సరే, ఆలస్యమైన ఆ బుకింగ్ నంబర్ ఎంత? మా లాగ్‌లో వెతుకుతాను" అని డెవలపర్ అడిగితే మాత్రం ఆ ఫైలు నోరు విప్పదు. ఆ ఒక్క నంబర్‌ను ఫలితాల్లో ఎలా చేర్చాలి, చేర్చాక అది ఎక్కడెక్కడ మనల్ని మోసం చేస్తుంది అన్నదే ఈ పేజీ.

ఉదాహరణలు అపాచీ జేమీటర్ అనే లోడ్ టెస్ట్ సాధనానివి. సంక్రాంతికి ముందు బస్సు టికెట్ల వెబ్‌సైట్‌ను పరీక్షిస్తున్నామని అనుకుందాం. లాగిన్, సీట్ల వెతుకులాట, బుకింగ్, లాగౌట్ అని నాలుగు రిక్వెస్టులు. ప్రాపర్టీల (అంటే సెట్టింగుల) పేర్లు, వేరియబుల్ (విలువను దాచుకునే చోటు) పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాను. ఫైల్లో మాత్రం వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే, జేమీటర్‌తో వచ్చే ప్రాపర్టీల ఫైల్లో ఉన్న స్పెల్లింగ్‌తోనే రాయాలి.

జేమీటర్ మామూలుగా రాసే కాలమ్‌లు చాలవా?

సమయం కొలవడానికి చాలు. 1998లో స్టెఫానో మజ్జోకీ ఈ సాధనాన్ని రాసింది అపాచీ జేసర్వ్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ పనితీరును కొలవడానికే. ఆ పుట్టుక ఇప్పటికీ ఫలితాల ఫైల్లో కనిపిస్తుంది. 5వ వరుస వెర్షన్లు సీఎస్‌వీ (కామాలతో విడగొట్టిన) రూపంలో మామూలుగా 17 కాలమ్‌లు రాస్తాయి. మొదలైన క్షణం, పట్టిన సమయం, లేబుల్ (రిక్వెస్టు పేరు), రెస్పాన్స్ కోడ్, థ్రెడ్ (ఒక కృత్రిమ వినియోగదారు) పేరు, బైట్‌లు, లేటెన్సీ (జవాబు మొదలయ్యే దాకా పట్టిన సమయం), కనెక్షన్‌కు పట్టిన సమయం వంటివి. అన్నీ రిక్వెస్టు ఎలా ప్రయాణించిందో చెప్పేవే. అది ఏం మోసుకొచ్చిందో చెప్పే కాలమ్ ఒక్కటీ లేదు.

బుకింగ్ 30 సెకన్లు పట్టిందని తెలుసు. ఏ బస్సుకు? ఎన్ని సీట్లకు? ఏ అప్లికేషన్ సర్వర్ జవాబిచ్చింది? కాషే (ముందే దాచుకున్న నకలు) నుంచి వచ్చిందా, డేటాబేస్ దాకా వెళ్లిందా? వీటికి జవాబులు రెస్పాన్స్‌లోనే ఉంటాయి. జేమీటర్ వాటిని చదివి, కొలిచి, పారేస్తుంది.

మరి ఆ విలువను ఫైల్లోకి ఎలా ఎక్కించాలి?

రెండు పనులు చేయాలి. చాలామంది మొదటిది చేసి రెండోది మరిచిపోతారు.

మొదటిది, రెస్పాన్స్ నుంచి విలువను తీసి వేరియబుల్‌లో పెట్టడం. జవాబు జేసన్ అనే డేటా రూపంలో వస్తుంటే బుకింగ్ రిక్వెస్టు కింద జేసన్ ఎక్స్‌ట్రాక్టర్ పెట్టి, వేరియబుల్ పేరుగా బుకింగ్‌ఐడీ అని ఇచ్చి, డాలర్ గుర్తు, చుక్క, ఫీల్డు పేరు వరుసగా రాస్తే చాలు. హెడర్ నుంచి కావాలంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎక్స్‌ట్రాక్టర్‌లో "రెస్పాన్స్ హెడర్స్" ఎంచుకోండి. హెచ్‌టీఎంఎల్ పేజీలో రెండు స్థిరమైన ముక్కల మధ్య ఉన్నది కావాలంటే బౌండరీ ఎక్స్‌ట్రాక్టర్ ఉంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో కుస్తీ పట్టే ముందు ఒకసారి దాన్ని చూడండి.

రెండోది, ఆ వేరియబుల్‌ను ఫలితాల్లో రాయమని జేమీటర్‌కు చెప్పడం. బిన్ ఫోల్డర్‌లోని యూజర్ ప్రాపర్టీస్ ఫైలు తెరిచి, శాంపిల్_వేరియబుల్స్ అనే ప్రాపర్టీకి ఎదురుగా వేరియబుల్ పేర్లను కామాలతో వేరుచేసి రాయాలి. కామా తర్వాత ఖాళీ వదలకండి. లేదంటే కమాండ్ లైన్‌లో జే (పెద్ద అక్షరం) ఆప్షన్‌తో అదే ప్రాపర్టీని ఇవ్వవచ్చు. ఒక్క పరీక్షకే కావాలంటే నేను కమాండ్ లైన్ పద్ధతే వాడతాను. యూజర్ ప్రాపర్టీస్‌లో రాసి మరిచిపోయిన పేర్లు ఆర్నెల్ల తర్వాత ఇంకెవరో చేసే పరీక్షలో ఖాళీ కాలమ్‌లుగా తేలుతాయి.

రాసిన పేర్లు అదే వరుసలో సీఎస్‌వీ చివర కొత్త కాలమ్‌లుగా చేరతాయి. హెడర్ వరుసలో ఈ పేర్లకు మాత్రం రెండు పక్కలా కోట్ గుర్తులు ఉంటాయి. కాలమ్ పేరును బట్టి వెతికే స్క్రిప్టు రాసేవారు ఇది గమనించాలి. ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలో రాయిస్తే ఇవే ప్రతి శాంపిల్‌కు (ఒక్కో రిక్వెస్టు ఫలితానికి) ఆట్రిబ్యూట్లుగా వస్తాయి.

అంతా చేశాను. కాలమ్ అసలు రావడం లేదు. ఎందుకు?

జేమీటర్ ఈ ప్రాపర్టీని మొదలైనప్పుడు ఒక్కసారే చదువుతుంది. తెరిచి ఉన్న జేమీటర్‌లో ఫైలు మార్చి లాభం లేదు, మూసి మళ్లీ తెరవాలి. వచ్చే ప్రశ్నల్లో సగం ఇక్కడితో తీరిపోతాయి.

కాలమ్ వచ్చి, ప్రతి వరుసలో నల్ (విలువ లేదని అర్థం) అనే మాట కనిపిస్తుంటే పేరు తప్పు. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా లెక్కలోకి వస్తుంది. ఇంకొకటి: ఎక్స్‌ట్రాక్టర్‌లో మ్యాచ్ నంబర్ మైనస్ 1 ఇస్తే విలువలు అదే పేరుతో కాక, చివర అండర్‌స్కోర్ 1, అండర్‌స్కోర్ 2 అని తగిలించుకున్న పేర్లతో నిల్వ అవుతాయి. ప్రాపర్టీలో అసలు పేరు మాత్రమే రాస్తే దొరకదు.

కాలమ్ ఉండి, పేరు మాత్రం హెడర్ వరుసలో లేకపోతే మీరు పాత ఫైలుకే కొత్త ఫలితాలను కలుపుతున్నారు. ఫైలు ముందే ఉంటే కమాండ్ లైన్‌లో జేమీటర్ దాని చివరే రాస్తూ పోతుంది, హెడర్ మళ్లీ రాయదు. 17 పేర్ల కింద 18 విలువలు పడతాయి. ఎఫ్ ఆప్షన్ ఇస్తే పాత ఫైలు చెరిగిపోతుంది. అది వద్దనుకుంటే ప్రతి పరీక్షకూ వేరే ఫైలు పేరు ఇవ్వండి.

బుకింగ్ నంబర్ లాగౌట్ వరుసలో కూడా వస్తోంది. లాగౌట్ రెస్పాన్స్‌లో ఆ నంబరే లేదు కదా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

జేమీటర్‌లో ప్రతి థ్రెడ్‌కూ ఒక జేబు ఉంటుందనుకోండి. ఎక్స్‌ట్రాక్టర్ తీసిన విలువ ఆ జేబులో పడుతుంది. ఒక రిక్వెస్టు ముగిసి వరుస రాసే సమయానికి జేబులో ఏముంటే అది కాలమ్‌లోకి వెళ్తుంది. ఆ విలువ ఈ రెస్పాన్స్ నుంచే వచ్చిందా, పది నిమిషాల కిందటి రెస్పాన్స్ నుంచి వచ్చిందా అని జేమీటర్ అడగదు. మనం కాలమ్‌ను చూసి "ఈ రెస్పాన్స్‌లో ఉన్న విలువ" అనుకుంటాం. నిజానికి అది "ఈ క్షణంలో థ్రెడ్ జేబులో ఉన్న విలువ".

ఒకే థ్రెడ్ రెండు చుట్లు తిరిగితే ఫైలు ఇలా ఉంటుంది (మధ్య కాలమ్‌లు తీసేశాను, సమయం మిల్లీసెకన్లలో):

లాగిన్, 200, 312, నల్
సీట్ల వెతుకులాట, 200, 845, నల్
బుకింగ్, 200, 1960, బీకే40417
లాగౌట్, 200, 97, బీకే40417
లాగిన్, 200, 298, బీకే40417
సీట్ల వెతుకులాట, 200, 910, బీకే40417
బుకింగ్, 500, 30012, బీకే40417
లాగౌట్, 200, 101, బీకే40417

ఏడో వరుస చూడండి. రెండో చుట్టులో బుకింగ్ 30 సెకన్లు వేచి 500 (సర్వర్ లోపం) కోడ్‌తో పడిపోయింది. నంబరేమీ రాలేదు. అయినా కాలమ్‌లో మొదటి చుట్టు నంబర్ దర్జాగా కూర్చుంది. దీన్ని డెవలపర్‌కు పంపితే ఆయన లాగ్‌లో బీకే40417 వెతుకుతారు. అది రెండు సెకన్లలోపే చక్కగా పూర్తయి కనిపిస్తుంది. "మీ టెస్టులోనే ఏదో తప్పుంది" అంటారు. తప్పు నిజంగానే మన దగ్గరే ఉంది. నేనూ ఒకసారి ఇలాంటి ఫైలు పంపి, అర్ధరోజు వాదించి, చివరికి క్షమాపణ చెప్పుకున్నాను.

దీన్ని సరిచేయడం ఎలా?

ముందుగా, ఎక్స్‌ట్రాక్టర్‌లో డిఫాల్ట్ విలువ గడిని ఖాళీగా వదలకండి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎక్స్‌ట్రాక్టర్‌లో ఆ గడి ఖాళీగా ఉండి, ఖాళీ డిఫాల్ట్ వాడమనే పెట్టెలో టిక్కు కూడా లేకపోతే, విలువ దొరకనప్పుడు అది వేరియబుల్ జోలికే పోదు. పాతది పాతగానే ఉంటుంది. "దొరకలేదు" అనే అర్థం వచ్చే మాట ఏదైనా రాసిపెట్టండి. ఏడో వరుస సమస్య దీనితో తీరుతుంది.

లాగౌట్ వరుస సమస్య దీనితో తీరదు, ఎందుకంటే లాగౌట్ కింద ఎక్స్‌ట్రాక్టరే లేదు. దానికి నేను వాడే పద్ధతి ఇది. థ్రెడ్ గ్రూప్ కింద, ఏ ఒక్క రిక్వెస్టు లోపలా కాకుండా, ఒక జేఎస్‌ఆర్223 ప్రీప్రాసెసర్ (రిక్వెస్టుకు ముందు నడిచే స్క్రిప్టు) పెట్టి, రికార్డు చేయాల్సిన వేరియబుల్‌కు ఖాళీ విలువ ఇచ్చే ఒక్క వాక్యం గ్రూవీ అనే స్క్రిప్టు భాషలో రాస్తాను. అది ప్రతి రిక్వెస్టుకూ ముందు నడుస్తుంది, అంటే ప్రతిసారీ జేబు దులుపుతుంది. బుకింగ్ ముగియగానే ఎక్స్‌ట్రాక్టర్ విలువ పెడుతుంది, వరుస రాయడం అవుతుంది, తర్వాతి రిక్వెస్టుకు ముందు మళ్లీ దులుపుడు.

ఇందులో ఒక చిక్కు ఉంది. బుకింగ్ తర్వాత చెల్లింపు రిక్వెస్టు ఉండి, దానికి అదే నంబర్ పంపాల్సి ఉంటే, జేబు దులిపేసరికి పంపడానికి ఏమీ మిగలదు. అందుకే రెండు వేరియబుల్‌లు వాడాలి. ఒకటి పనికి, ఒకటి రికార్డుకు. రికార్డు వేరియబుల్ పేరు ముందు "రికార్డ్" అని తగిలించుకుంటే ఏది దులపాలో, ఏది ముట్టకూడదో స్క్రిప్టు చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

ఇదంతా ఎందుకు, విశ్లేషణ చేసేటప్పుడు బుకింగ్ లేబుల్ ఉన్న వరుసల్లో మాత్రమే ఆ కాలమ్ చూస్తే సరిపోదా అని అడగవచ్చు. డిఫాల్ట్ విలువ సరిగా పెట్టి, మీ ఫైలు మీరే చదువుకుంటే సరిపోతుంది. ఫైలు చేతులు మారితే ఆ నియమం దానితో పాటు వెళ్లదు.

విలువ ఏ క్షణంలో ఫైల్లోకి వెళ్తుంది? జేఎస్‌ఆర్223 లిజనర్‌లో పెట్టిన విలువ ఒక వరుస ఆలస్యంగా వస్తోంది.

జేమీటర్ పనుల వరుస ఇది: ముందు ప్రీప్రాసెసర్లు, తర్వాత టైమర్లు, శాంప్లర్ (రిక్వెస్టు పంపేది), పోస్ట్ ప్రాసెసర్లు (ఎక్స్‌ట్రాక్టర్లు ఈ రకమే), అసర్షన్లు (జవాబు సరైనదో కాదో తేల్చేవి), చివరికి లిజనర్లు (ఫలితాలను అందుకుని రాసేవి). అసర్షన్లు ముగిసి లిజనర్లను పిలవబోయే ముందు జేబులోని విలువలను నకలు తీసుకుంటుంది. కాబట్టి పోస్ట్ ప్రాసెసర్‌లో పెట్టినదీ, జేఎస్‌ఆర్223 అసర్షన్‌లో పెట్టినదీ అదే వరుసలో పడతాయి. లిజనర్‌లో పెట్టినది నకలు తీశాక వచ్చింది కనుక తర్వాతి వరుసకు పోతుంది. బస్సు కదిలాక ఎక్కినట్టే.

ఈ వరుస వల్ల ఇంకో సంగతి కూడా ఉంది. పోస్ట్ ప్రాసెసర్ నడిచేటప్పటికి అసర్షన్లు ఇంకా మొదలుకాలేదు. శాంపిల్ గెలిచిందో ఓడిందో అసర్షన్ తేల్చేదైతే, ఆ ఫలితాన్ని బట్టి విలువ రాయాలనుకునే వారు పోస్ట్ ప్రాసెసర్‌లో కాక, చివర ఒక జేఎస్‌ఆర్223 అసర్షన్ పెట్టుకోవాలి.

ఇంత కష్టం ఎందుకు? మొత్తం రెస్పాన్స్‌నే దాచుకుంటే పోలేదా?

సీఎస్‌వీలో రెస్పాన్స్ మొత్తాన్ని దాచడం కుదరదు. ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపం ఎంచుకుని, సేవ్ సర్వీస్ ప్రాపర్టీల్లో రెస్పాన్స్ డేటాకు ట్రూ అని ఇస్తే కుదురుతుంది. కానీ ఒక లెక్క వేసి చూడండి. ఒక్కో రెస్పాన్స్ 40 కిలోబైట్లు, సెకనుకు 200 రిక్వెస్టులు అనుకుందాం. సెకనుకు 8 మెగాబైట్లు, గంటకు 28.8 గిగాబైట్లు. అదే 20 బైట్ల కాలమ్ ఒకటి చేర్చితే గంటకు 14.4 మెగాబైట్లు. మొదటి పద్ధతిలో లోడ్ పంపే యంత్రం డిస్కు రాసుకోవడంలోనే అలసిపోతుంది. పైగా అంత పెద్ద ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలును తర్వాత తెరిచేదెవరు? హెచ్‌టీఎంఎల్ నివేదిక కూడా సీఎస్‌వీ నుంచే తయారవుతుంది, ఎక్స్‌ఎమ్‌ఎల్ నుంచి కాదు.

విఫలమైన వాటి రెస్పాన్స్ మాత్రం చూడాలనుకోవడం న్యాయమే. దానికి "సేవ్ రెస్పాన్సెస్ టు ఎ ఫైల్" అనే లిజనర్‌ను పెట్టి, విఫలమైన వాటినే దాచమనే పెట్టెలో టిక్కు పెట్టండి. ఒక్కో రెస్పాన్స్ ఒక్కో ఫైలుగా పడుతుంది. ఆ ఫైలు పేరును ఫలితాల్లో ఒక కాలమ్‌గా రాయించే ప్రాపర్టీ కూడా ఉంది. నా మామూలు అమరిక ఇదే: నంబర్ కాలమ్‌లో, పడిపోయిన వాటి పూర్తి రెస్పాన్స్ పక్క ఫోల్డర్‌లో.

విలువను రెస్పాన్స్ మెసేజ్‌లోనో లేబుల్‌లోనో అతికిస్తే తేలిక కదా?

తేలికే. గ్రూవీలో ఒక్క వాక్యం చాలు, ప్రాపర్టీలూ పునఃప్రారంభాలూ అక్కర్లేదు. అందుకే ఈ చిట్కా ఇంకా బతికి ఉంది. దీన్ని మానిపించడానికి నేను చాలాకాలంగా ప్రయత్నిస్తున్నాను.

జేమీటర్ సగటులు, పర్సెంటైల్‌లు (ఉదాహరణకు 95 శాతం రిక్వెస్టులు ఎంత సమయంలోపు ముగిశాయో చెప్పే అంకె) అన్నీ లేబుల్ వారీగా లెక్కిస్తుంది. లేబుల్‌లో బుకింగ్ నంబర్ చేర్చితే పది వేల బుకింగ్‌లు పది వేల లేబుల్‌లు అవుతాయి. ఒక్కోదానికీ ఒక్క శాంపిల్, ఆ ఒక్కదానికే సగటు, ఆ ఒక్కదానికే 95వ పర్సెంటైల్. నివేదిక తయారీకి మెమరీ చాలక ఆగిపోవడం వేరే కథ. రెస్పాన్స్ మెసేజ్‌లో పెడితే ఎర్రర్ పట్టికకు అదే గతి పడుతుంది. అది రెస్పాన్స్ కోడ్, మెసేజ్ కలిపి చూసి ఎర్రర్లను గుంపులు చేస్తుంది. ప్రతి మెసేజ్ వేరైతే ప్రతి ఎర్రరూ ఒక కొత్త రకమే.

కొద్ది రకాలే ఉండే విలువను లేబుల్‌కు చేర్చడంలో తప్పు లేదు. "బుకింగ్ ఏసీ", "బుకింగ్ నాన్ ఏసీ" అని రెండుగా విడగొడితే అవి నిజంగా వేర్వేరు పనులు కావచ్చు.

కాలమ్ చేర్చడం వల్ల స్పందన సమయాలు పెరుగుతాయా?

ఫలితాల్లో నమోదయ్యే సమయం పెరగదు. జేమీటర్ గడియారం రిక్వెస్టు పంపే ముందు మొదలై, రెస్పాన్స్ చివరి బైటు అందగానే ఆగుతుంది. ఎక్స్‌ట్రాక్టర్ ఆ తర్వాతే నడుస్తుంది. కానీ ఎక్స్‌ట్రాక్టర్ నడిచినంతసేపు ఆ థ్రెడ్ తర్వాతి రిక్వెస్టు పంపలేదు. పెద్ద జేసన్‌ను ప్రతిసారీ విప్పి చదివితే సెకనుకు వెళ్లే రిక్వెస్టులు తగ్గుతాయి, లోడ్ పంపే యంత్రం సీపీయూ పెరుగుతుంది. అది నిండిపోయాక మాత్రం కొలతలు కూడా నమ్మదగినవి కావు. కాలమ్‌తో ఒకసారి, కాలమ్ లేకుండా ఒకసారి పది నిమిషాల చిన్న పరీక్ష నడిపి రెండు వేగాలనూ పోల్చండి.

గ్రూవీ రాసేవారికి ఒక మాట. స్క్రిప్టు లోపల డాలర్, మీసాల బ్రాకెట్లతో వేరియబుల్‌ను అతికించకండి. వార్స్ ఆబ్జెక్టు నుంచి గెట్ ద్వారా తీసుకోండి. అతికిస్తే ఒకసారి కంపైల్ చేసి దాచుకున్న స్క్రిప్టు ఉపయోగపడదు, లేదా మొదటి విలువే చివరి దాకా ఉండిపోతుంది.

ఏ విలువలు రికార్డు చేస్తే ఎక్కువ ఉపయోగం?

నన్నడిగితే మొదట సర్వర్ తన సొంత గడియారంతో కొలిచిన సమయం. చాలా సర్వర్లు దాన్ని హెడర్‌లో పంపుతాయి. సర్వర్-టైమింగ్ అనే ప్రామాణిక హెడర్ కూడా ఉంది. మీ సర్వర్ పంపకపోతే పంపమని డెవలపర్లను అడగండి, చిన్న పనే. ఆ మిల్లీసెకన్లను ఒక కాలమ్‌గా రాయించి, పట్టిన సమయం కాలమ్ పక్కన పెట్టి చూడండి. బుకింగ్‌కు మన వైపు 1960, సర్వర్ వైపు 240 ఉందనుకుందాం. మిగిలిన 1720 మిల్లీసెకన్లు ఎక్కడికి పోయాయి? అప్లికేషన్ గడియారం మొదలవకముందో, ఆగిపోయాకో ఎక్కడో గడిచిపోయాయి. లోడ్ బ్యాలన్సర్ (రిక్వెస్టులను సర్వర్లకు పంచేది) దగ్గర కావచ్చు, ఖాళీ థ్రెడ్ కోసం కావచ్చు, నెట్‌వర్క్‌లో కావచ్చు. ఈ తేడా చేతిలో ఉంటే "డేటాబేస్ క్వెరీ మార్చండి" అని తొందరపడకుండా ఉంటాం. క్వెరీ ఆ 240లోనే ఉంది మరి.

తర్వాతిది జవాబిచ్చిన సర్వర్ గుర్తు. నాలుగు సర్వర్లలో ఒక్కదాని వల్లే ఆలస్యం జరుగుతుంటే సగటు దాన్ని కప్పేస్తుంది. కాలమ్ ఉంటే రెండు నిమిషాల్లో బయటపడుతుంది. ఆ తర్వాత లాగ్‌లలో వెతకడానికి రిక్వెస్టు ఐడీ లేదా ట్రేస్ ఐడీ, కాషే హెడర్, జవాబులో వచ్చిన ఫలితాల సంఖ్య. సీట్ల వెతుకులాట 3 బస్సులు చూపినప్పుడూ 300 బస్సులు చూపినప్పుడూ ఒకే రేఖపై సగటు వేయడం అన్యాయం.

రెస్పాన్స్ కోడ్ 200, లోపల మాత్రం "సీట్లు లేవు" అని ఉంటోంది. దీన్నీ కాలమ్‌లో రాస్తే చాలా?

రాయండి, కానీ అంతటితో వదలకండి. కాలమ్ సమాచారం మాత్రమే ఇస్తుంది, గెలుపోటములను తేల్చదు. సీట్లు అయిపోవడం వెబ్‌సైట్ తప్పు కాదు, అది సక్రమమైన జవాబే. "సిస్టమ్ బిజీగా ఉంది, తర్వాత ప్రయత్నించండి" అని 200తో రావడం మాత్రం వైఫల్యం. రెండో దానికి రెస్పాన్స్ అసర్షన్ పెట్టి విఫలంగా గుర్తించాలి. మొదటి దాన్ని కాలమ్‌లో నమోదు చేసి, గెలిచిన బుకింగ్‌ల సమయాలను విడిగా చూడాలి. సీట్లు లేవనే జవాబు చకచకా వస్తుంది. టెస్టు డేటాలో సీట్లు మధ్యలో అయిపోతే పరీక్ష రెండో సగంలో వెబ్‌సైట్ వేగం పెరిగినట్టు గ్రాఫ్ చూపిస్తుంది.

పలు యంత్రాల నుంచి లోడ్ పంపుతున్నాం. కాలమ్ ఖాళీగా వస్తోంది.

ప్రాపర్టీని నడిపించే యంత్రంలోనూ, లోడ్ పంపే ప్రతి యంత్రంలోనూ ఒకేలా, ఒకే వరుసలో రాయాలి. జే ఆప్షన్ మీ ముందున్న యంత్రానికే వర్తిస్తుంది. ఇక్కడ కమాండ్ లైన్ మీద ఆధారపడకుండా అన్ని యంత్రాల్లో యూజర్ ప్రాపర్టీస్ మార్చి, జేమీటర్ సర్వర్లను ఆపి మళ్లీ నడపండి. ఏ యంత్రం నుంచి వచ్చిన వరుసో తెలియడానికి హోస్ట్‌నేమ్ కాలమ్‌ను కూడా అప్పుడే తెరవండి.

ఈ అమరికలో మామూలుగా ఉండే స్ట్రిప్డ్‌బ్యాచ్ పద్ధతి, విజయవంతమైన శాంపిల్‌ల రెస్పాన్స్ డేటాను లోడ్ యంత్రం దగ్గరే తీసేసి మిగతాది పంపుతుంది. మన కాలమ్‌కు ఇబ్బంది లేదు. రెస్పాన్స్ మొత్తం దాచాలనుకున్న వారికే ఖాళీలు కనిపిస్తాయి.

ట్రాన్సాక్షన్ కంట్రోలర్ (కొన్ని రిక్వెస్టులను ఒక గుంపుగా కొలిచేది) వాడితే లోపలి విలువలు పోతున్నాయి.

పేరెంట్ శాంపిల్ తయారు చేయమనే టిక్కు తీసేయండి. ఆ టిక్కు ఉంటే సీఎస్‌వీలో ట్రాన్సాక్షన్ మొత్తానికి ఒక్క వరుసే పడుతుంది, లోపలి రిక్వెస్టుల వరుసలు రావు.

హెచ్‌టీఎంఎల్ నివేదికలో ఈ కాలమ్‌ను గ్రాఫ్‌గా చూడవచ్చా?

చూడవచ్చు, విలువ సంఖ్య అయితే. యూజర్ ప్రాపర్టీస్‌లో కస్టమ్ గ్రాఫ్‌కు సంబంధించిన ప్రాపర్టీలు రాయాలి. గ్రాఫ్ గుర్తు కస్టమ్_ అని మొదలవ్వాలి. వాటిలో శాంపిల్ వేరియబుల్ పేరు కోసం ఉన్న ప్రాపర్టీకి మీ వేరియబుల్ పేరు ఇస్తే నివేదికలో ప్రత్యేక గ్రాఫ్ వస్తుంది. సర్వర్ సమయం కాలమ్‌కు ఇది బాగా నప్పుతుంది. బుకింగ్ నంబర్‌ను గ్రాఫ్ గీయడంలో అర్థం లేదు. ఇన్‌ఫ్లక్స్‌డీబీ అనే డేటాబేస్‌కు పంపే బ్యాకెండ్ లిజనర్ మాత్రం ఈ కాలమ్‌లను దానంతట అది పంపదు.

తెలుగులో వచ్చిన ఊరి పేర్లు కాలమ్‌లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తున్నాయి.

రెండు చోట్ల పాడవుతుంది, ఏది మీదో ముందు తేల్చుకోండి. ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. అక్కడ రాజమహేంద్రవరం చక్కగా కనిపించి, ఎక్సెల్‌లో పాడైతే తప్పు ఎక్సెల్ తెరిచిన తీరుది. రెండుసార్లు క్లిక్ చేసి తెరవకుండా, డేటా ట్యాబ్ నుంచి దిగుమతి చేసుకుంటూ యూటీఎఫ్-8 ఎంచుకోండి.

ఎడిటర్‌లోనే పాడై ఉంటే రెస్పాన్స్ చదివినప్పుడే పాడైంది. సర్వర్ కంటెంట్-టైప్ హెడర్‌లో క్యారెక్టర్ సెట్ చెప్పకపోతే జేమీటర్ తన డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ వాడుతుంది. అది చాలాకాలం ఐఎస్‌ఓ-8859-1గా ఉంది. దానికి తెలుగు తెలియదు. శాంపిల్‌రిజల్ట్ డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ ప్రాపర్టీని యూటీఎఫ్-8 చేయండి, సర్వర్ వాళ్లకు కూడా ఒక మాట చెప్పండి.

ఎక్సెల్ ప్రస్తావన వచ్చింది కనుక: ఒక షీట్‌లో 10,48,576 వరుసలే పడతాయి. సెకనుకు 200 రిక్వెస్టులైతే గంటన్నరలో 10,80,000. మిగిలినవి కోసేసి చూపిస్తుంది. పెద్ద ఫైళ్లకు పైథాన్‌లో పాండాస్ లాంటిది వాడండి.

విలువలో కామాలు ఉంటే కాలమ్‌లు కలిసిపోతాయా?

కలవవు, జేమీటర్ కోట్ గుర్తులు పెడుతుంది. కామాను బట్టి గుడ్డిగా విడగొట్టే ఆక్ స్క్రిప్టులే తప్పుతాయి. విలువలో లైను విరుపు ఉంటే ఒక వరుస రెండు లైన్లవుతుంది, గ్రెప్ లెక్కలు చెడతాయి. ఎర్రర్ సందేశాల వంటివి రాయించే ముందు లైను విరుపులు తీసేసి, మొదటి 100 అక్షరాలే ఉంచితే మంచిది.

టోకెన్లు, ఫోన్ నంబర్లు రికార్డు చేయవచ్చా?

వద్దు. ఫలితాల ఫైలు మెయిల్‌లో తిరుగుతుంది, టికెట్‌కు అతుక్కుంటుంది, ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అసలు వినియోగదారుల డేటా నకలుతో పరీక్షించే చోట ఆ కాలమ్‌లో పడే ఫోన్ నంబరో ఆధార్ నంబరో నిజమైన మనిషిది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ముందు టెస్టు ఫైలని చెప్పి తప్పించుకోలేం. సెషన్ టోకెన్ కూడా అంతే, గడువు తీరేదాకా అది తాళంచెవే. ఇద్దరు వినియోగదారులకు ఒకే టోకెన్ వెళ్తోందా అని చూడటమే పనైతే, గ్రూవీలో దాని హాష్ (వెనక్కి తిప్పలేని గుర్తు) తీసి మొదటి ఎనిమిది అక్షరాలు రాయండి. పోల్చడానికి అవి చాలు.

కే6, లోకస్ట్ వాడేవారి సంగతి?

ఇవి వేరే లోడ్ టెస్ట్ సాధనాలు. కే6లో సంఖ్యలకు సొంత ట్రెండ్ మెట్రిక్, గుర్తులకు ట్యాగ్‌లు ఉన్నాయి. ట్యాగ్‌లో బుకింగ్ నంబర్ పెడితే ప్రతి విలువకూ ఒక కొత్త టైమ్ సిరీస్ పుట్టి మెమరీని తినేస్తుంది. జేమీటర్ లేబుల్ కథే ఇది, పేరు మారింది అంతే. లోకస్ట్‌లో రిక్వెస్ట్ ఈవెంట్‌కు పైథాన్ ఫంక్షన్ తగిలించి మీకు కావలసిన ఫైలు మీరే రాసుకోవచ్చు. అక్కడ రెస్పాన్స్ నేరుగా చేతికొస్తుంది కనుక పాత విలువ కొత్త వరుసలో దూరే బెడద తక్కువ.

పెద్ద పరీక్షకు ముందు అంతా సరిగా ఉందని ఎలా తేల్చుకోవాలి?

ఒకే వినియోగదారు, మూడు చుట్లు. రెండో చుట్టులో బుకింగ్ తప్పనిసరిగా పడిపోయేలా, లేని బస్సు నంబర్ ఇవ్వండి. విండో లేకుండా ఎన్ ఆప్షన్‌తో, అసలు పరీక్ష నడిపినట్టే నడిపి, వచ్చిన 12 వరుసలను కళ్లతో చదవండి. మొదటి, మూడో చుట్ల బుకింగ్ వరుసల్లో రెండు వేర్వేరు నంబర్లు, రెండో చుట్టు బుకింగ్ వరుసలో "దొరకలేదు", మిగతా తొమ్మిదింటిలో ఖాళీ ఉండాలి. రెండో చుట్టు లాగిన్ వరుసలో ఏదైనా నంబర్ కనిపించిందంటే, జేబు దులిపే ప్రీప్రాసెసర్ ఏదో ఒక్క రిక్వెస్టు లోపల పడి ఉంటుంది. బయటకు లాగి మళ్లీ నడపండి.